పీసీనా, కన్సోలా? కొన్న గేమ్ చేతిలో మిగలాలంటే ఏం చేయాలి?

"పీసీ తీసుకోమంటారా, ప్లేస్టేషన్ లాంటి కన్సోల్ తీసుకోమంటారా?" అని ఎవరడిగినా, వచ్చే జవాబులన్నీ గ్రాఫిక్స్ కార్డు దగ్గర మొదలై ఫ్రేమ్ రేటు దగ్గర ఆగిపోతాయి. నేను మాత్రం ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను. ఇంట్లో ఎక్కడ కూర్చుని ఆడతారు? కొన్న గేముల్లో పదేళ్ళ తర్వాత కూడా మీ దగ్గర ఉండాలనిపించేవి ఏవి? మెషీన్ ఖర్చు ఒకసారితో తీరిపోతుంది. గేముల ఖర్చు ఏళ్ళ తరబడి సాగుతుంది. ఆ డబ్బులో మన సొంతమయ్యేది ఎంత, అద్దెగా పోయేది ఎంత అన్నది ముందే తెలిసి ఉండాలి. కింద చెప్పినవి వరసగా చేసుకుంటూ వెళ్ళండి.

1. ముందు చోటు తేల్చుకోండి

హాల్లో టీవీ ఎప్పుడు ఖాళీగా ఉంటుందో చూడండి. సాయంత్రం ఏడు నుంచి పది దాకా సీరియళ్ళో క్రికెట్టో నడిచే ఇల్లయితే, ఆ టీవీకి కన్సోల్ తగిలించినా మీకు దొరికేది అందరూ పడుకున్నాక మిగిలే టైమే. అలాంటి ఇంట్లో మీ గదిలో ఒక బల్ల, దాని మీద 24 లేదా 27 అంగుళాల మానిటర్ ఉండడమే నయం. కన్సోల్‌ని మానిటర్‌కి తగిలించుకోవచ్చు, పీసీని టీవీకి తగిలించుకోవచ్చు. పీసీ అంటే బల్ల, కన్సోల్ అంటే సోఫా అని చాలామంది అనుకుంటారు గానీ, మధ్యలో ఉన్నది ఒక్క హెచ్‌డీఎంఐ కేబులే.

హాస్టల్లోనో పీజీలోనో ఉండేవాళ్ళకి లాప్‌టాప్ తప్ప పెద్దగా దారి లేదు. చదువుకీ ఉద్యోగానికీ కూడా అదే పనికొస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్ళని ఒప్పించడమూ తేలికే. గేమింగ్ లాప్‌టాప్ కొనేటప్పుడు గ్రాఫిక్స్ చిప్ పేరు ఒక్కటే చూసి ఆగకండి, దానికి ఎన్ని వాట్లు ఇస్తున్నారో అడగండి. ఒకే పేరున్న చిప్ ఒక మోడల్లో తక్కువ వాట్లతో, ఇంకో మోడల్లో ఎక్కువ వాట్లతో వస్తుంది. ఆటలో తేడా బాగా కనిపిస్తుంది. షాపులో కుర్రాడు చెప్పలేకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ వివరాల్లో వెతకండి.

2. ఏం ఆడతారో, ఎవరితో ఆడతారో రాసుకోండి

కాగితం మీద ఐదు గేముల పేర్లు రాయండి. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి ఆ లిస్టులో ముందుంటే ఇక ఆలోచించకండి, పీసీయే. మౌస్‌తో గురిపెట్టే ఆటలవి. ఎఫ్‌సీ లాంటి ఫుట్‌బాల్ గేములు, క్రికెట్, ఫైటింగ్ గేములు ఉండి, ఆదివారం బావమరుదులూ కజిన్లూ వచ్చి పక్కన కూర్చుని ఆడేదుంటే, కన్సోల్‌కీ రెండు కంట్రోలర్లకీ ఉన్న సుఖం వేరు. స్విచ్ వేయగానే ఆట మొదలవుతుంది. డ్రైవర్ అప్‌డేట్లు లేవు, సెట్టింగ్స్ సర్దుకోవడం లేదు.

పెద్ద గేములు కొన్ని పీసీకి ఆలస్యంగా వస్తాయి. జీటీఏ 5 కన్సోళ్ళలో 2013 సెప్టెంబరులో వస్తే పీసీకి 2015 ఏప్రిల్లో వచ్చింది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 విషయంలో ఏడాదికి పైగా ఆగాల్సి వచ్చింది. విడుదలైన రోజే ఆడాలనే తహతహ ఉన్నవాళ్ళు ఇది లెక్కలో పెట్టుకోండి. ఆగగలిగేవాళ్ళకి పీసీలో ధర తగ్గాక దొరుకుతుంది.

ఆన్‌లైన్ ఖర్చు కూడా ఇక్కడే చూసుకోవాలి. ప్లేస్టేషన్‌లో, ఎక్స్‌బాక్స్‌లో డబ్బు పెట్టి కొన్న గేముని కూడా ఇతరులతో ఆన్‌లైన్‌లో ఆడాలంటే మామూలుగా సబ్‌స్క్రిప్షన్ కట్టాలి. ఉచిత గేములకి అక్కర్లేదు. పీసీలో ఆ ఖర్చే లేదు. ఐదేళ్ళ సబ్‌స్క్రిప్షన్ మొత్తాన్ని కన్సోల్ ధరకి కలిపి అప్పుడు పీసీతో పోల్చండి. కన్సోల్ చవక అన్న మాట అప్పుడు కాస్త మారుతుంది.

3. కన్సోల్ అయితే డిస్క్ డ్రైవ్ ఉన్నదే తీసుకోండి

ఇక్కడ నేను గట్టిగా చెప్తాను. 2024లో ప్లేస్టేషన్ 5 (పీఎస్5) స్లిమ్ మన దేశానికి వచ్చినప్పుడు డిస్క్ డ్రైవ్ ఉన్నది 54,990, అది లేని డిజిటల్ మోడల్ 44,990. ఆ పది వేలు మిగిలాయని సంబరపడి డిజిటల్ మోడల్ కొంటే, ఆ తర్వాత ప్రతి గేమూ ఒకే షాపులో, వాళ్ళు చెప్పిన ధరకే కొనాలి. డిస్క్ అయితే ఆడేసి అమ్ముకోవచ్చు, స్నేహితుడికి ఇవ్వొచ్చు, సెకండ్ హ్యాండ్‌లో కొనొచ్చు. నాలుగు వేలకి కొన్న డిస్క్‌ని ఆడేసి రెండున్నర వేలకి అమ్మారనుకోండి, అలాంటివి నాలుగు గేములు అయ్యేసరికి ఆ పది వేలు తిరిగొచ్చినట్టే. స్లిమ్ డిజిటల్ మోడల్‌కి డ్రైవ్‌ని తర్వాత విడిగా కొని తగిలించుకోవచ్చు. మొదటిసారి తగిలించినప్పుడు మాత్రం ఇంటర్నెట్ కావాలి. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కి ఆ దారి కూడా లేదు, దానికి డిస్క్ పెట్టే చోటే లేదు.

సెకండ్ హ్యాండ్ డిస్క్ కొనేటప్పుడు వెలుతురులో తిప్పి గీతలు చూడండి. వీలైతే అమ్మేవాళ్ళ కన్సోల్‌లోనే పెట్టి ఇన్‌స్టాల్ మొదలవుతుందో లేదో చూడండి. పెట్టెలో వచ్చే కోడ్లు ఒకసారి వాడేస్తే ఇంకొకరికి పనిచేయవు, వాటికి విలువ కట్టొద్దు. నింటెండో స్విచ్ 2 కొనేవాళ్ళు పెట్టె ముందు భాగం చదవండి. 'గేమ్ కీ కార్డ్' అని ఉంటే ఆ కార్డులో గేమ్ ఉండదు. ఇంటర్నెట్ నుంచి దించుకోవాలి, ఆడేటప్పుడు కార్డు కూడా పెట్టి ఉంచాలి.

4. ఒంటికి హాయిగా ఉండేలా అమర్చుకోండి

మెషీన్‌కి లక్ష పెట్టి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాళ్ళని చాలామందిని చూశాను. నడుము ముప్పై దాటకముందే పట్టేస్తుంది. రేసు కారు సీటులా కనిపించే గేమింగ్ కుర్చీల మోజులో పడకండి. అదే డబ్బుకి వీపు కింది భాగానికి ఆసరా, చేతులకి ఎత్తు సర్దుకునే వీలు ఉన్న ఆఫీసు కుర్చీ వస్తుంది. పాదాలు రెండూ నేలకి పూర్తిగా ఆనాలి. ఆనకపోతే కింద పీట వేసుకోండి. మౌస్ పట్టుకున్నప్పుడు మోచెయ్యి సుమారు 90 డిగ్రీల్లో ఉండాలి, భుజాలు పైకి లేవకూడదు. మానిటర్ పై అంచు మీ కళ్ళకి సమానంగానో కొంచెం కిందగానో, ఒక చెయ్యి చాపినంత దూరంలో ఉండాలి. లాప్‌టాప్ అయితే కింద నాలుగు లావు పుస్తకాలు పెట్టి ఎత్తు పెంచి, కీబోర్డు, మౌస్ విడిగా పెట్టుకోండి. మెడ వంచి గంటలు గంటలు ఆడితే ఆ నొప్పి మర్నాడు ఆఫీసుకి కూడా వస్తుంది.

పీసీ కొన్నా సరే, ఒక కంట్రోలర్ తీసుకోండి. కథ ఉన్న గేములు, రేసింగ్ గేములు వెనక్కి వాలి ఆడుకోవచ్చు, మణికట్టుకి విశ్రాంతి. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్, పీఎస్5 కంట్రోలర్ రెండూ పీసీకి పనిచేస్తాయి. పీఎస్5 కంట్రోలర్‌లోని ప్రత్యేకమైన వైబ్రేషన్ పీసీలో కొన్ని గేముల్లోనే వస్తుంది, అది కూడా కేబుల్‌తో తగిలించినప్పుడే బాగా కుదురుతుంది.

టీవీలో ఆడేవాళ్ళు ఈ ఒక్క పని ఇవాళే చేయండి. రిమోట్‌తో సెట్టింగ్స్ తెరిచి, పిక్చర్ మోడ్‌లో 'గేమ్' అన్నది ఎంచుకోండి. బొమ్మని నునుపుగా, మెరుగ్గా చూపడానికి టీవీ లోపల చేసే లెక్కలు చాలావరకు ఆగిపోతాయి. దాంతో మీరు బటన్ నొక్కడానికీ తెర మీద కదలిక కనిపించడానికీ మధ్య ఆలస్యం తగ్గుతుంది. క్రికెట్ గేములో షాట్ టైమింగ్ ఎంతకీ కుదరడం లేదని విసుక్కునేవాళ్ళు ఇది మార్చాక మళ్ళీ ఒక ఓవరు ఆడి చూడండి. పీసీని టీవీకి తగిలిస్తే అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. గేమ్ సెట్టింగ్స్‌లో సబ్‌టైటిల్ సైజు పెంచుకోండి, పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ షాపు స్టీమ్‌లో అయితే, టీవీకి సరిపోయేలా పెద్దగా చూపే బిగ్ పిక్చర్ మోడ్ వాడండి.

ఇక మన ఎండలు. మే నెలలో గది వేడెక్కి ఉన్నప్పుడు కన్సోల్‌ని టీవీ కింద మూసి ఉన్న అరలో పెడితే ఫ్యాను రొద మొదలవుతుంది. నాలుగు వైపులా గాలి ఆడే చోట పెట్టండి. పీసీ క్యాబినెట్ నేల మీద ఉంటే దుమ్ము త్వరగా పడుతుంది, బల్ల మీదకి ఎక్కించండి. కరెంటు పోవడం ఉన్న ఊళ్ళలో యూపీఎస్ తప్పనిసరి. పీఎస్5 పెద్ద గేము ఆడుతున్నప్పుడు సుమారు 200 వాట్లు లాగుతుంది, టీవీ కలిపినా 1000 వీఏ యూపీఎస్ సేవ్ చేసుకుని ఆపుకునేంత టైము ఇస్తుంది. మంచి గ్రాఫిక్స్ కార్డున్న పీసీకి వాట్లు కూడి చూసుకుని కొనండి. యూపీఎస్ లేకపోతే కన్సోల్‌ని రెస్ట్ మోడ్‌లో వదిలి పడుకోవద్దు. మధ్యలో కరెంటు పోతే మర్నాడు స్టోరేజీ రిపేర్ చేస్తున్నామన్న మెసేజ్‌తో మొదలవుతుంది. పూర్తిగా ఆపేయండి.

5. 'కొను' బటన్ నొక్కే ముందు ఏం కొంటున్నారో చదవండి

అసలు విషయం ఇక్కడుంది. 2024 అక్టోబరు నుంచి స్టీమ్‌లో డబ్బు కట్టే పేజీలో ఒక చిన్న వాక్యం కనిపిస్తోంది. డిజిటల్ వస్తువు కొంటే మీకు దక్కేది స్టీమ్‌లో దాన్ని వాడుకునే లైసెన్సు అని దాని సారం. కాలిఫోర్నియాలో ఏబీ 2426 అనే చట్టం చేశారు. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. లైసెన్సు మాత్రమే ఇస్తూ ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అని రాయకూడదని దాని ఉద్దేశం. షరతులు అంతకుముందు నుంచీ ఇవే. ఎవరూ చదవని ఒప్పందంలో ఉండేవి, ఇప్పుడు కళ్ళ ముందుకి వచ్చాయి.

దీని వల్ల నిజంగా నష్టం జరుగుతుందా అంటే, జరిగింది. గేములు తయారుచేసే యూబీసాఫ్ట్ కంపెనీ వాళ్ళ ది క్రూ అనే కార్ల గేము 2014లో వచ్చింది. ఒంటరిగా ఆడినా సర్వర్ కనెక్షన్ ఉండాల్సిందే. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు, గేము ఆగిపోయింది. డిస్క్ కొన్నవాళ్ళకి కూడా ఆగిపోయింది. ఆ కోపంలోంచే 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' అనే ఉద్యమం పుట్టింది. గేములని ఆపేసేటప్పుడు ఆడుకునే స్థితిలో వదిలివెళ్ళాలని యూరోపియన్ యూనియన్‌కి పెట్టిన అర్జీ 2025 జూలైలో పది లక్షల సంతకాలు దాటింది. దాని తర్వాతి గేము ది క్రూ 2కి ఆఫ్‌లైన్ మోడ్ ఇస్తామని యూబీసాఫ్ట్ 2024లోనే ప్రకటించింది. ఆడేవాళ్ళు గట్టిగా అడిగితే కంపెనీలు కదులుతాయి, అందుకే నాకు ఆ ఉద్యమం మీద గౌరవం.

ఆన్‌లైన్ షాపులు మూతపడటం ఇంకో సంగతి. నింటెండో పాత మెషీన్లు 3డీఎస్, వీ యూల షాపుల్లో 2023 మార్చి 27తో అమ్మకాలు ఆగిపోయాయి. ఎక్స్‌బాక్స్ 360 షాపు 2024 జూలై 29న మూసేశారు. అప్పటికే కొన్నవాటిని మళ్ళీ దించుకోనిచ్చారు, అది మంచిదే. కానీ డిస్కో కార్డో లేకుండా డిజిటల్‌గా మాత్రమే వచ్చిన గేములని ఆ మెషీన్ల మీద కొత్తగా కొనే దారి పోయింది.

కాబట్టి ప్రతి గేమ్ పేజీలో మూడు విషయాలు చూడండి. ఎప్పుడూ ఇంటర్నెట్ ఉండాలా? ఇంకో కంపెనీ అకౌంట్ కూడా తెరవాలా? స్టీమ్ పేజీలో కుడివైపు కింద 'డీఆర్ఎం' అని, కాపీలు కొట్టకుండా బయటి కంపెనీ వేసే తాళం ఏదైనా పేర్కొన్నారా? మూడింటికీ లేదన్న జవాబు వస్తే నిశ్చింతగా కొనొచ్చు. ఒక్కదానికి అవునని వచ్చినా పూర్తి ధర పెట్టకండి, సేల్ దాకా ఆగండి.

6. మీ గేములని రెండు లిస్టులుగా విడదీయండి

ఒకటి దాచుకునేవి. రెండోది ఆడి వదిలేసేవి.

ఆడి వదిలేసే వాటికి ఎక్స్‌బాక్స్ వాళ్ళ గేమ్ పాస్, ప్లేస్టేషన్ వాళ్ళ పీఎస్ ప్లస్ లాంటి సబ్‌స్క్రిప్షన్లు బాగుంటాయి. అవి అద్దె ఇల్లు లాంటివి, కట్టినన్నాళ్ళే ఉండనిస్తారు. పీఎస్ ప్లస్‌లో నెలనెలా లైబ్రరీలో వేసుకున్న గేములు కూడా సభ్యత్వం ఆగితే తాళం పడతాయి, మళ్ళీ కడితే తెరుచుకుంటాయి. ఏటా కొత్తగా వచ్చే ఫుట్‌బాల్ గేము ఈ లిస్టులోదే. దాన్ని పదేళ్ళు దాచుకోవాలని ఎవరికీ ఉండదు.

దాచుకునే వాటికి పీసీలో నా మొదటి ఓటు జీవోజీకి. పోలండ్ సంస్థ సీడీ ప్రాజెక్ట్ 2008లో మొదలుపెట్టిన షాపు అది. అక్కడ కొన్న గేముకి ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ ఇస్తారు. ఆ ఫైల్ దించుకుని హార్డ్ డిస్క్‌లో పెట్టుకుంటే, తర్వాత ఇన్‌స్టాల్ చేయడానికి అకౌంట్ గానీ ఇంటర్నెట్ గానీ అక్కర్లేదు. ది విచర్ 3, సైబర్‌పంక్ 2077, బాల్డర్స్ గేట్ 3 మూడూ అక్కడున్నాయి. ఒకే గేము స్టీమ్‌లో, జీవోజీలో రెండింటిలోనూ ఉంటే, మీ ప్రాణానికి నచ్చిన గేము జీవోజీలోనే కొనండి. స్నేహితుల లిస్టు, పెద్ద సేల్స్, కుటుంబంతో పంచుకునే వీలు స్టీమ్‌లో ఎక్కువ. స్టీమ్ ఫ్యామిలీస్‌లో ఒకే ఇంట్లోవాళ్ళు ఆరుగురి దాకా చేరి ఒకరి గేములు ఒకరు ఆడుకోవచ్చు. అన్నదమ్ములు ఒకే గేముని రెండుసార్లు కొనే అవసరం చాలావరకు తప్పుతుంది, అయితే అదే కాపీని ఇద్దరూ ఒకేసారి ఆడలేరు.

గేము నచ్చకపోతే వెనక్కి ఇచ్చే నియమాలు కూడా గుర్తుంచుకోండి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు అడగొచ్చు. ప్లేస్టేషన్ స్టోర్‌లోనూ 14 రోజులే గానీ, డౌన్‌లోడ్ మొదలుపెడితే ఆ హక్కు పోతుంది. అందుకే ప్లేస్టేషన్‌లో ముందే కొనేసి ఆటో డౌన్‌లోడ్ పెట్టుకోవద్దు.

7. కొన్నవాటిని భద్రం చేయండి

పీసీలో: 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఒకటి కొనండి. దాచుకునే లిస్టులోని ఇన్‌స్టాలర్లని ఒక రాత్రి కూర్చుని దించేయండి. 150 జీబీ గేము 100 ఎంబీపీఎస్ లైను మీద పూర్తి వేగంతో వస్తే సుమారు మూడు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. సేవ్ ఫైళ్ళ కాపీ కూడా పెట్టుకోండి. చాలా గేములు వాటిని డాక్యుమెంట్స్‌లోనో, యూజర్ ఫోల్డర్ లోపల యాప్‌డేటాలోనో దాస్తాయి.

కన్సోల్‌లో: పీఎస్5 సెట్టింగ్స్‌లో 'కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే' అని ఉంటుంది, అది ఆన్ చేసి ఉందో చూడండి. ఎక్స్‌బాక్స్‌లో మీ మెషీన్‌ని 'హోమ్ ఎక్స్‌బాక్స్'గా పెట్టండి. ఇవి సరిగ్గా ఉంటే ఇంటర్నెట్ లేని రోజు కూడా డిజిటల్ గేములు తెరుచుకుంటాయి, ఇంట్లో మిగతావాళ్ళు వాళ్ళ ప్రొఫైల్‌తో ఆడుకోవచ్చు. చోటు చాలకపోతే పీఎస్5 గేములని యూఎస్‌బీ హార్డ్ డిస్క్‌లోకి జరిపి ఉంచుకోవచ్చు. అక్కడి నుంచే ఆడటం మాత్రం కుదరదు, మళ్ళీ లోపలికి తెచ్చుకోవాలి. అయినా కొత్తగా వంద జీబీ దించుకోవడం కన్నా అదే నయం.

8. విదేశం వెళ్ళే ఆలోచన ఉంటే

ఎంఎస్‌కో ఉద్యోగానికో అమెరికా వెళ్ళే పిల్లలు ఉన్న ఇళ్ళు మనకి వీధికి నాలుగుంటాయి. ప్లేస్టేషన్ అకౌంట్ తెరిచినప్పుడు ఎంచుకున్న దేశాన్ని తర్వాత మార్చలేరు. అక్కడికి వెళ్ళి కొత్త అకౌంట్ తెరిస్తే ఇక్కడి గేములు పాత అకౌంట్‌లోనే ఉండిపోతాయి. రెండు అకౌంట్లనీ ఒకే కన్సోల్‌లో ఉంచుకోవడం దానికి మందు. స్టీమ్‌లో దేశం మార్చుకోవచ్చు, అక్కడి కార్డుతో ఒకటి కొంటే సరిపోతుంది. పీఎస్5 డిస్కులు ఏ దేశంలో కొన్నా ఆడతాయి గానీ, ఆ గేముకి స్టోర్‌లో విడిగా కొనే అదనపు భాగాలు డిస్క్ ప్రాంతానికి తగిన అకౌంట్‌లోనే కొనాలి. కన్సోల్‌ని సూట్‌కేసులో పెట్టే ముందు వెనక లేబుల్ మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉందో లేదో చదవండి.

అన్నిటికన్నా ముందు, అకౌంట్లకి ఇచ్చిన ఫోన్ నంబరు మార్చండి. ఇక్కడి సిమ్ రీచార్జి లేక ఆగిపోయాక ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే లైబ్రరీ మొత్తం తలుపు అవతల ఉండిపోతుంది. బ్యాకప్ కోడ్లు ప్రింట్ తీసి పాస్‌పోర్టు ఫైల్లో పెట్టుకోండి.

9. రౌటర్ ఆపి పరీక్షించండి

ఇంత చేశాక ఒక ఆదివారం మధ్యాహ్నం రౌటర్ స్విచ్ ఆపేయండి. దానికి ముందు పీసీలో స్టీమ్‌ని ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టండి. ఇప్పుడు దాచుకునే లిస్టులోని గేములని ఒక్కొక్కటే తెరవండి. మెనూ దాకా వస్తే చాలదు, సేవ్ లోడ్ చేసి నాలుగడుగులు నడిచి చూడండి. డిస్క్ గేములకీ ఇదే పరీక్ష పెట్టండి, కొన్ని డిస్కుల్లో సగమే ఉండి మిగతాది అప్‌డేట్‌గా వస్తుంది. తెరుచుకోనివాటి పేరు పక్కన గుర్తు పెట్టి రెండో లిస్టులోకి జరపండి. అదే కంపెనీ తర్వాతి గేముకి ఎంత పెట్టాలో ఆ గుర్తు చూసి నిర్ణయించుకోండి. హార్డ్ డిస్క్‌లోని ఇన్‌స్టాలర్లలో ఒకటి రెండిటిని కూడా ఇదే పూట నడిపించి చూడండి. ఏడాదికోసారైనా కరెంటు తగలని డ్రైవ్‌ని నమ్ముకోలేం, కాబట్టి వచ్చే ఏడాది ఇదే నెలలో మళ్ళీ చేయమని ఫోన్‌లో రిమైండర్ పెట్టి, అప్పుడు రౌటర్ ఆన్ చేసుకోండి.